కాషన్ ఆర్డరు

ఛాతీ మీద వెంట్రుకలు గొరుగుతూ
తమిళరసి అడిగింది, ఏం పని మీది అని.
కీమాన్ని, అన్నాను.
తాళంచెవులు చేసేవాణ్ణనుకుంది.

కాదమ్మా,
ఏళావూరు నుంచి ఆరంబాక్కం దాకా
తెల్లారకముందే పట్టాల మీద నడిచేవాణ్ణి.
జారిన కీ కనపడితే సుత్తితో లోపలికి దిగ్గొట్టేవాణ్ణి.
ముప్పై ఒక్క ఏళ్లు.

"అయితే ఇది మీకు సులువే" అంది,
చల్లటి జిగురు పూసి
పది తీగలు తగిలించింది.

సులువు కాదు.
అక్కడ పట్టా కదలదు, నేను కదులుతాను.
ఇక్కడ నేల నా కింద నుంచి జారిపోతుంటే
నేను గోడ మీది క్యాలెండరు ముందే ఉన్నాను.
ఎంత నడిచినా
నవంబరు నెల ఒక్క అంగుళం దగ్గరికి రాలేదు.

మూడు నిమిషాలకోసారి బెల్టు ముక్కు పైకి లేస్తుంది.
పదికి ఒకటి ఎత్తు, అంది.
నవ్వొచ్చింది.
మా లైన్లో నాలుగొందలకు ఒకటి ఉంటేనే
గుర్తుగా బోర్డు పాతుతారు.
పదికి ఒకటి ఏ ఇంజనూ ఎక్కదు తల్లీ.
"పేసాదీంగ అయ్యా, గీత చెదిరిపోతుంది."

ఊరుకున్నాను.
ఊరుకుంటే వినపడింది.

మంచి పట్టాని సుత్తితో తడితే ణంగుమంటుంది,
ఆ మోత చాలా దూరం పోతుంది.
లోపల పగులుంటే
తడిసిన కర్రని కొట్టినట్టు, దబ్.
అంతే. కంటికేమీ ఆనదు.

ఎడమ దవడ కింద ఆ దబ్
మొన్న వేసవి నుంచీ నాకు తెలుసు.
యాభై ఏడో కిలోమీటరు రాయి దగ్గర
వదులు కాని ఫిష్‌ప్లేటు బోల్టుని
మళ్లీ మళ్లీ బిగిస్తూ కూచున్నాను.
గ్యాంగులో ఎవరూ అడగలేదు.
సుబ్బరత్నకి పులితేన్పులని చెప్పాను.
నిజం చెబితే సుత్తి తీసేసుకుంటారు,
స్టోర్సులో బల్ల ముందు కూచోబెడతారు
ఎర్రజెండాలు లెక్కపెట్టమని.

మూడో మెట్టు. నూట ముప్పై నాలుగు.
కమ్మీని గట్టిగా పట్టుకోవద్దంది. పట్టుకున్నాను.
మిషన్లో నా గుండె కీచుకీచుమంటోంది
గంప కింద మూసిన కోడిపిల్ల లాగ.

డాక్టరు కళ్లద్దాలు నుదుటికి తోసుకుని
కాగితం మీదికి వంగాడు.
ఏంది సార్, అన్నాను రొప్పుతూ.
వచ్చీరాని తెలుగులో, "గీత కుంగింది" అన్నాడు.

కుంగింది.
ఆ మాట ఎవరూ నాకు విప్పి చెప్పక్కర్లేదు.
కార్తీకంలో నాలుగు రోజులు వాన పట్టిందంటే
కంకర కింద మన్ను మెల్లగా నీళ్లతో పోతుంది.
పైన పట్టా నున్నగానే ఉంటుంది,
బండి మీద పడ్డప్పుడే కుంగుతుంది.
ఖాళీ పట్టాని ఎంతసేపు చూస్తే ఏం తెలుస్తుంది?
అందుకే కాబోలు
వీళ్లు నా మీదికి బండినెక్కించారు.

"చాలు, ఆపుతున్నా" అంది తమిళరసి.

ఆపడం నా పని.
ఒక డిసెంబరు చీకట్లో, వెల్డు విరిగిన చోటు నుంచి
ఎర్రదీపం పట్టుకుని పన్నెండొందల మీటర్లు పరిగెత్తాను.
పట్టా మీద పటాసులు పెట్టి
గూడూరు వైపు నుంచి వచ్చే మెయిలుని ఆపాను.
ఐదొందలూ ఒక సర్టిఫికెట్టూ ఇచ్చారు.
ఆ రోజు ఈ గుండే నాతో పరిగెత్తింది,
కిక్కురుమనలేదు.
ఇవాళ దాని కోసం
ముక్కూమొహం తెలియని పిల్ల
ఎర్ర బొత్తాం నొక్కింది.

బెల్టు ఆగాక కూడా
కాళ్ల కింద నేల కాసేపు నడిచింది.

యాంజియో బుధవారం. అందాకా
నాలిక కింద మాత్ర, బరువులొద్దు, మెట్లు మెల్లగా.
మా భాషలో కాషన్ ఆర్డరు:
లైను మూసెయ్యలేదు, గంటకి ఇరవై.

పెరంబూరు నుంచి వస్తే బేసిన్ బ్రిడ్జిలో మారాలి.
పదిహేను మెట్లెక్కి ఆగాను.
ఈసారి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగలేదు.
ఊరికే నిలబడ్డాను, కమ్మీ పట్టుకుని.
జనం రెండుగా చీలి, విసుక్కుంటూ పోయారు.

కింద గూడ్సు ఒకటి పోతోంది.
నాలుగో పెట్టె చక్రం చదునుపడింది,
తిరిగినప్పుడల్లా కొట్టుకుంటోంది.
ఎవరికైనా చెప్పాలి.